ఎముక అనాలి

పదేళ్ల కింద నా ట్రాలీ ఆటోలో బియ్యం బస్తాలు, పప్పులు, సబ్బుల డబ్బాలు, బీడీ కట్టలు, ఉప్పు సంచులు ఉండేవి. కుక్కల తిండి ఉండేది కాదు. ఇప్పుడు వారానికి రెండు మూడు బస్తాలైనా ఎక్కుతున్నాయి. నేను ఇల్లందులో ఒక హోల్‌సేల్ కిరాణా కొట్టుకు సరుకు తోలుతాను. మొదట్లో ఆ బస్తాలు ఆఫీసర్ల బంగళాలకే పోయేవి. లాక్‌డౌన్ తర్వాత కార్మికుల క్వార్టర్లకు పోవడం మొదలైంది. ఆ తర్వాత బొగ్గు బావిలో కాంట్రాక్టు పనికి పోయే వాళ్లు కిరాయికి ఉండే రేకుల ఇళ్లకు కూడా. బస్తా మీద నవ్వుతున్న కుక్క బొమ్మ ఉంటుంది. దాన్ని భుజాన వేసుకుని ఎన్నో గడపలు ఎక్కాను.

దేశమంతా ఇట్లాగే ఉందని గ్రంథాలయంలో పేపర్లు చూసి తెలుసుకున్నాను. చిన్న పట్టణాల్లో కూడా ఇంటింటా పెంపుడు జంతువులు పెరుగుతున్నాయని, తెచ్చుకునే వాళ్లు పెరిగినంతగా చూసుకునే వాళ్లు పెరగడం లేదని, ముచ్చట తీరాక రోడ్డు మీద వదిలేసే కుక్కలు ఎక్కువయ్యాయని రాశారు. అప్పట్లో అది చదివి, ఇట్లాంటి మనుషులు కూడా ఉంటారా అనుకున్నాను. అనుకోవడమే కాదు, కొట్టు ముందు నలుగురికీ చదివి వినిపించాను.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. మాది ఎర్రుపాలెం దగ్గర చిన్న పల్లె, అవతలి పొలం దాటితే ఆంధ్ర. వ్యవసాయం కలిసిరాక ఇల్లందు వచ్చి ట్రాలీ పట్టుకున్నాను. కొట్టులో హమాలీలు సరుకు ఎక్కించడానికి గంట పడుతుంది. ఆ గంట నాది. ఎదురు సందులోనే గ్రంథాలయం. అక్కడ నేను నేర్చుకున్నది ఏ బడీ నేర్పలేదని గట్టిగా చెప్పగలను. నచ్చినవి ఇంటికి తెచ్చుకుని నోట్‌బుక్కులో రాసుకునే అలవాటు. తొమ్మిది లాంగ్ నోట్‌బుక్కులు నిండాయి. హమాలీల్లో ఒకాయన నన్ను చూసినప్పుడల్లా, మామ పుస్తకం సూడంది మూత్రానికి గూడ పోడు అనేవాడు. అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ని. లోపల మాత్రం అది నాకు బిరుదులాగే ఉండేది.

ఇంకో అలవాటు కూడా ఉండేది. ఎదుటివాళ్ల మాటలు దిద్దడం. మా వైపు మాటకు, బొగ్గు బావుల దగ్గరి మాటకు తేడా ఉంది. పుస్తకాల వల్ల మా వైపు మాటే సరైనదనే ధీమా నాకు ఏర్పడింది. మేం కిరాయికి ఉండేది బొగ్గు బావి క్వార్టర్ల లైనులో, పక్క క్వార్టరులో ఒక అవ్వ ఉంది. ఆమె భర్త బావిలో పనిచేసి పోయాడు, ఇప్పుడు ఆ ఉద్యోగంలో కొడుకు ఉన్నాడు. ఆ అవ్వ ఏం మాట్లాడినా నేను ఒక మాట పట్టుకునేవాణ్ని. దవాఖానా కాదు, ఆసుపత్రి. సోపతి కాదు, స్నేహం. ఆమె కోపగించుకునేది కాదు. నువ్వు సదువుకున్నోనివి కొడుకా, మాదంత గట్లనే ఉంటది అనేది.

మా కుక్క మూడేళ్ల కిందట వచ్చింది. ఒక ఆఫీసరుకు బదిలీ అయితే, నేను సరుకు దించడానికి పోయినప్పుడు ఆయన భార్య అడిగింది, మీ ఇంట్లో పెంచుకుంటారా అని. ల్యాబ్రడార్ పిల్ల, బెల్లం రంగు. అప్పుడు మా అమ్మాయి పదో తరగతి. దానికి పేరు పెట్టింది ఆ పిల్లే. ఆ పేరు ఇక్కడ రాయను. రాసే హక్కు నాకు లేదనిపిస్తుంది.

కుక్క వచ్చిన వారంలోనే గ్రంథాలయంలో కుక్కల పెంపకం మీద పుస్తకం వెతికి పట్టుకున్నాను. అట్ట ఊడిపోయిన పాత పుస్తకం. ఎంత తిండి పెట్టాలి, పురుగుల మందు ఎప్పుడు వేయాలి, ఎండలో ఎందుకు కట్టెయ్యకూడదు, వండిన మాంసం ముక్కల్లోని ఎముకలు ఎందుకు పెట్టకూడదు, పిచ్చికుక్క వ్యాధి రాకుండా ఏటా టీకా ఎందుకు వేయించాలి, అన్నీ రాసుకున్నాను. మా లైనులో కుక్క ఉన్న ప్రతి ఇంటివాళ్లూ నా దగ్గరికే వచ్చేవారు. టీకా వేయించారా అని అడిగితే చాలామంది తెల్లముఖం వేసేవారు. పోయిన సంవత్సరం ఒక ఆదివారం నేనే పూనుకుని, లైనులో ఉన్న పదకొండు కుక్కల్ని నా ట్రాలీలో ఎక్కించి పశువుల దవాఖానాకు తీసుకుపోయాను. కార్డులు కూడా నేనే జిరాక్స్ తీయించి పంచాను. పేరు, రంగు, వయసు, ఏ ఏడు టీకా వేయించారో రాయడానికి గడులు. డాక్టరు ప్రతి గడిలో తేదీ వేసి సంతకం పెట్టాడు. అందరి ముందు నా భుజం తట్టాడు.

ఆ రోజు బండిలో చోటు చాలలేదు. మా కుక్కను వచ్చే వారం తెస్తానని డాక్టరుకు చెప్పాను. వచ్చే వారం సరుకు ఎక్కువైంది. ఆ పై వారం కొత్తగూడెం పోవాల్సి వచ్చింది. తర్వాత మరిచిపోయానని రాయడం తేలిక. మరిచిపోలేదు. ఇంట్లో అద్దం వెనక పెట్టిన కార్డు తీసినప్పుడల్లా మొదటి ఏడు గడిలో అంతకుముందు వేయించిన టీకా తేదీ, రెండో ఏడు గడి ఖాళీ కనిపించేవి. కార్డు మళ్లీ అద్దం వెనక పెట్టేవాణ్ని. ఆలస్యంగా పోతే డాక్టరు ఏమంటాడో అన్న సిగ్గు వారం వారం పెరిగి, చివరికి ఆ వీధి వైపు పోవడమే మానేశాను.

ఇక ఈ ఏడు మార్చి సంగతి. ఒక ఆదివారం మా బావమరిది కుటుంబం వచ్చింది. మటన్ వండారు. భోజనాలయ్యాక విస్తళ్లు నేనే ఎత్తాను. చెత్త బండి వచ్చేదాకా సంచిలో కట్టి పెట్టాలని ఇంట్లో అందరికీ చెప్పేవాణ్ని నేనే. ఆ రోజు బావమరిదితో మాటల్లో ఉండి గోడ పక్కన పడేసి చెయ్యి కడుక్కున్నాను.

సోమవారం కుక్క తిండి ముట్టలేదు. మంగళవారం పొద్దున నోరు సగం తెరుచుకుని, చొంగ కారుస్తూ, మూతిని నేలకేసి రాస్తూ తిరిగింది. నీళ్ల గిన్నె దగ్గరికి పోయి మూతి పెట్టి వెనక్కి దూకింది. తల మీద చెయ్యి వేయబోతే గుర్రుమంది. మూడేళ్లలో అది మా మీద గుర్రుమనడం అదే మొదటిసారి. మా అమ్మాయికి ఆ రోజు ఇంటర్ రెండో ఏడు పరీక్ష. కుక్కను చూసి ఏడుస్తూనే పోయింది. పోయేటప్పుడు, జల్దీ దవాఖానాకు తీస్కపో నాన్నా, నేనొచ్చేసరికి తీస్కపోయి తేవాలె అని రెండుసార్లు చెప్పింది.

లైనులో వాళ్లు మూగారు. ఏమైందని అందరూ నన్నే అడిగారు. నేను లోపలికి పోయి నోట్‌బుక్కు తెచ్చాను. ఆ పేజీ తీసి నిలబడి చదివాను. నోరు మూయలేకపోవడం, చొంగ కారడం, నీళ్లు మింగలేకపోవడం, ఉన్నట్టుండి స్వభావం మారడం. ఒక్కొక్కటి చదువుతుంటే జనం ఒక్కో అడుగు వెనక్కి వేశారు. ఈ మాట ఇప్పుడు రాయడానికి చెయ్యి వెనకాడుతోంది కానీ, వాళ్లు అట్లా వింటుంటే నాకు బాగుంది.

అప్పుడు పక్కింటి అవ్వ గోడ అవతలి నుంచి అంది.

"కొడుకా, దాని నోట్ల బొక్క ఇరికినట్టున్నది. మొన్న ఇస్తార్లు గోడకాడ పారేస్తివి గద."

నేను నోట్‌బుక్కులోంచి తల ఎత్తి నవ్వాను.

"అవ్వా, బొక్క అంటే రంధ్రం. ఎముక అనాలి."

కొందరు నవ్వారు. "ఏదైతేంది, ఉన్నదా లేదా డాకటర్‌ను సూడుమను" అంది అవ్వ. నవ్వుల్లో ఆ మాట ఎవరికీ వినపడలేదు. నాకు వినపడింది.

ఇక్కడి వాళ్లు ఎముకను బొక్క అంటారని నాకు తెలియక కాదు. ఇల్లందులో మటన్ కొట్టు ముందు నిలబడిన ప్రతివాడికీ తెలుస్తుంది. ఆమె ఏం చెబుతోందో పూర్తిగా అర్థమైంది. అర్థమై కూడా మాటను దిద్దాను, విషయాన్ని వదిలేశాను.

పిచ్చి లేసింది, పిచ్చి లేసింది అన్నారు. ఇద్దరు మనుషులు కర్రలు తెచ్చారు. నేను అడ్డం నిలబడి, పశువుల దవాఖానాకు తీసుకుపోతానన్నాను. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ట్రాలీ వెనక డోరు తీశాను. అంత బాధలోనూ కుక్క తనంతట తానే ఎక్కి, ఎప్పుడూ కూర్చునే మూలలో, క్యాబిన్ కిటికీకి ఆనుకుని కూర్చుంది. ఆదివారాలు దాన్ని అట్లా తిప్పడం నాకు అలవాటు.

పశువుల దవాఖానా మా ఇంటికి రెండు సందుల అవతల. దాని ముందుకు వచ్చేసరికి బండి నెమ్మది చేశాను. డాక్టరు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. లోపలికి పోతే మొదట అడిగేది కార్డు. ఆ ప్రశ్న అడగాలని ఊరందరికీ నేర్పింది నేనే. పిచ్చి లేసిన కుక్క కార్డులో టీకా గడి ఖాళీ, ఆ కుక్క నాది. సాయంత్రానికల్లా లైనంతా తెలుస్తుంది. హమాలీ ఏమంటాడో కూడా ఊహించుకున్నాను. డాక్టరు తల ఎత్తేలోపు బండి వేగం పెంచాను.

కొత్తగూడెం దాటాను, పాల్వంచ దాటాను. భద్రాచలం రోడ్డులో రెండు వైపులా అడవి మొదలైంది. ఆ దారిలో నాకు నేను చెప్పుకున్నవన్నీ గుర్తున్నాయి. కుక్క తోడేలు జాతి అని చదివాను, అడవి దానికి పరాయి కాదన్నాను. ఎట్లాగూ చచ్చేదే కదా, కర్రలతో కొట్టి చంపడం కన్నా ఇది నయమన్నాను. పుస్తకాలు చదివినవాడికి కారణాలు తొందరగా దొరుకుతాయి.

ఒక మలుపు దగ్గర ఆపాను. పక్క నుంచి లోపలికి ఒక కాలిబాట ఉంది. బాట మీద మేకల పెంటికలు ఉన్నాయి. అంటే లోపల ఊరు ఉంది. నేను చూశాను. డోరు తీసి పిలిస్తే కుక్క దిగింది. చెట్టు మొదట్లో ఒక బిస్కెట్ ప్యాకెట్ విప్పి పోశాను. నోరు కదపలేని కుక్కకు బిస్కెట్లు పెట్టాను. అది బిస్కెట్ల వైపు చూడలేదు. బండి కదిలితే మలుపు దాకా వెంట పరిగెత్తింది. అద్దంలో కనిపించింది. ఇంకా మధ్యాహ్నం కాలేదు.

ఇంటికి వచ్చి, ఖమ్మం పెద్ద దవాఖానాలో పెట్టుకున్నారని చెప్పాను. మూడు రోజుల తర్వాత చనిపోయిందని చెప్పాను. అప్పటికి మా అమ్మాయికి ఇంకా రెండు పరీక్షలు ఉన్నాయి. అది విని పుస్తకం మూసి గోడ వైపు తిరిగి పడుకుంది. మర్నాడు ట్రాలీ కడుగుతుంటే మా ఆవిడ వచ్చి, నువ్వు ఖమ్మం దాక పోతే డీజిల్ గంత ఎట్ల కాలింది అంది. నేను బకెట్ తిరగేసి మళ్లీ నీళ్లు పట్టడానికి పోయాను.

ఏప్రిల్ చివర్లో తునికాకు పని మొదలైంది. బీడీలు చుట్టే ఆ ఆకు కోతకు అడవి పల్లెల్లో ఇంటిల్లిపాదీ పోతారు. ఆ నెల చేతిలో నాలుగు డబ్బులు ఆడుతాయి కాబట్టి పల్లెల్లో చిన్న కొట్లు లేస్తాయి. మా సేటుకు భద్రాచలం రోడ్డు మీద ఒక కొత్త కొట్టు దొరికింది. సరుకు దించి రమ్మన్నాడు. చిరునామా కాగితం మీద ఉంది. ఆ మలుపు వచ్చేదాకా అది ఆ మలుపేనని నాకు తెలియలేదు. కాలిబాటకు కొంచెం ముందు బండి పోయే దారి ఒకటి ఉంది. ఆ దారిన లోపలికి పోతే ఇరవై ఇళ్లు, ఒక చేతిపంపు, పందిరి కింద ఆకు కట్టలు.

కొట్టు నడిపే ఆమెకు ముప్పై ఐదేళ్లుంటాయి. ఇంట్లో వాళ్లతో కోయలో మాట్లాడుతోంది, నాతో తెలుగులో. లెక్క చూసుకుని సంచులు ఒక్కొక్కటీ దింపించుకుంటోంది. ఆమె మంచం కింద నుంచి మా కుక్క బయటికి వచ్చింది.

బాగా చిక్కిపోయింది. మెడకు ఎర్ర గుడ్డ పట్టీ కట్టి ఉంది. నోరు మూసుకుని ఉంది, మామూలుగా. బండిని వాసన చూస్తూ చక్రం చుట్టూ తిరిగింది. నేను సంచి చాటున తల దించుకున్నాను.

అది ఎవరిదని అడగాల్సింది. నేను అడగకుండానే ఆమె చెప్పింది. ఎవడో రోడ్డు మీద ఇడిసిపోయిండట. రెండు రోజులు చేతిపంపు దగ్గర పడి ఉందట. పిల్లలు రాళ్లు వేశారు. ఆమె పెనిమిటి పిచ్చి అన్నాడు. అత్త మాత్రం చాలాసేపు చూసి, ఇది ఒక పక్కనే గీక్కుంటున్నది, లోపల ఏదో ఉన్నదంది. గోనెసంచి కప్పి, తాడుతో కట్టి, దవడల మధ్య కర్ర పెట్టి, కటింగ్ ప్లేయర్‌తో లాగారు. పై పళ్ల మధ్య అడ్డంగా దిగిన మేక బొక్క. లాగేటప్పుడు కోర పన్ను కొట్టు ఆమె మణికట్టు మీద గీరింది. ఊళ్లో ఆశా పని చేసే అమ్మాయి ఊరుకోలేదట. సబ్బు పెట్టి పావుగంట కడిగించి, అప్పటికప్పుడే భద్రాచలం పంపింది. ఎవరి కుక్కో తెలియదు, టీకా ఉందో లేదో తెలియదు కాబట్టి నాలుగు సూదులు. చివరిది వేయించుకోవడానికి పోయిన రోజు ఆకు కోత కూలి పోయింది.

"పిచ్చిది గాదు గని సదువుకున్నది అన్నా ఇది, చెయ్యిమ్మంటే చెయ్యిస్తది" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "ఇసుంటిదాన్ని ఇడిసిపోయినోడు ఎవడో గని, వాని నోట్ల ఇరుకాలె బొక్క" అంది.

నేను ఉప్పు సంచి ఎత్తుకున్నాను. అదే సమయంలో కుక్క ఎగిరి నా ట్రాలీలో ఎక్కింది. సంచుల మధ్య నుంచి దారి చేసుకుని, క్యాబిన్ కిటికీకి ఆనుకుని తన మూలలో కూర్చుంది. నా వైపు చూసి తోక ఆడించింది. దాని ముఖంలో కోపం లేదు. నేను ఎక్కడికో పోయి ఆలస్యంగా వచ్చినట్టు, అంతే.

ఆమె కుక్కను చూసింది, నన్ను చూసింది. బండిలో బిస్కెట్ల వాసనకు ఎక్కిందేమో అనబోయాను. సగం మాట బయటికి వచ్చింది కూడా.

"నీదేనా అన్నా?"

"అవ్" అన్నాను. ఆ మాట నేను ఎప్పుడూ అనేది కాదు. అవును అనేవాణ్ని.

ఆమె తిడుతుందని చూశాను. పందిరి కింద ఉన్న అత్తకు కోయలో ఏదో చెప్పింది. ముసలామె నా వైపు చూసి, మళ్లీ ఆకులు కట్టుకోసాగింది. కొట్టు ఆమె మణికట్టు మీద గీత ఇంకా కనిపిస్తోంది. ఆమె చెయ్యి వెనక్కి దాచుకోలేదు, ముందుకు చూపించనూ లేదు. నేనే చూపు తిప్పుకున్నాను. ఇంట్లో ఎవరెవరున్నారని అడిగింది. కుక్క ఎవరి దగ్గర ఎక్కువ ఉండేదని అడిగింది. మా అమ్మాయి గురించి చెప్పాను.

"ఆ పిల్లకేం జెప్పినవ్?"

"చచ్చిపోయిందని."

"అట్లయితే ఆ పిల్లనే తోల్కరా" అంది. "సచ్చిపోయిన కుక్కను నీ చేతికెట్ల ఇస్త?"

బండి తిప్పేముందు ఆమే కుక్కను పిలిచి దింపింది. మిగతా సంచులు లెక్క చూసుకుంది.

తిరిగి వచ్చి కొట్టుకు పోకుండా గ్రంథాలయానికి పోయాను. అట్ట లేని ఆ పుస్తకం తీశాను. నేను రాసుకున్న లక్షణాల కిందే ఇంకో పేరా ఉంది. నోట్లో ఎముకో పుల్లో ఇరుక్కున్నా ఇవే లక్షణాలు కనిపిస్తాయని, ఏదో తేల్చుకోవడం మన పని కాదని, చెయ్యి పెట్టకుండా విడిగా ఒక గదిలో ఉంచి పశువైద్యుణ్ని పిలవాలని ఉంది. మూడేళ్ల కిందట ఆ పేరా రాసుకోకుండా ఆపేశాను. ఎందుకు ఆపానో గుర్తు లేదు. గ్రంథాలయం మూసే వేళ అయి ఉంటుంది. అవ్వ చెప్పిందీ, అడవిలో ముసలామె చెప్పిందీ, పుస్తకం చెప్పిందీ ఒక్కటే. పుస్తకంలో ఎముక అని ఉంది, అంతే తేడా.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాను. మా ఆవిడ వంటింటి గడప మీద కూర్చుని విన్నది. నాకు డీజిల్ కాడనే తెల్సింది అంది. మా అమ్మాయి అంతా విన్నాక లేచి, అద్దం వెనక నుంచి కార్డు తీసి చూసింది. అది అక్కడ ఉంటుందని ఆ పిల్లకు తెలుసని నాకు తెలియదు.

"నిజంగ పిచ్చి లేసిందనుకున్నవా నాన్నా?"

"అనుకున్న."

"మరి ఆ ఊర్ల పిల్లలుండరా?"

మేకల పెంటికలు గుర్తొచ్చాయి.

"పోనీ, పిచ్చి గాదనుకున్నవా? మరెందుకు ఇడ్సిపెట్టినవ్?"

ఆ రెండు ప్రశ్నల మధ్య నాకు నిలబడే చోటు లేదు. ఇప్పటికీ లేదు. కార్డు గురించి చెప్పాను, డాక్టరు వరండాలో కూర్చున్నాడని చెప్పాను. ఆ పిల్ల ఖాళీ గడి మీద బొటనవేలు పెట్టి చూస్తూ కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆదివారం ముగ్గురం పోయాం. కుక్క మా అమ్మాయి మీద పడి పొర్లింది, ఆ పిల్ల మట్టిలోనే కూర్చుండిపోయింది. చాలాసేపయ్యాక కొట్టు ఆమె, తీస్కపో బిడ్డా, నీదే గద అంది. మా అమ్మాయి ఎర్ర పట్టీ సవరిస్తూ తల అడ్డంగా ఊపింది.

"జూన్‌ల నేను ఖమ్మం హాస్టల్‌కు పోత అక్కా. అప్పుడు దీన్ని ఎవల దగ్గర ఇడ్సిపోవాలె?"

నేను పక్కనే ఉన్నాను. నా వైపు చూడలేదు. నన్ను నొప్పించడానికి అన్నది కాదు, నిజంగానే అడిగింది. సెలవులకు వచ్చినప్పుడల్లా చూసి పోతానంది. ఆమె సరేనంది. తిండి బస్తా, మందులు, టీకా మా ఖర్చని మా ఆవిడ చెప్పింది. నేను చెప్పాల్సిన మాట అది.

ఆ రోజే కుక్కను బండిలో ఎక్కించుకుని ఇల్లందు తీసుకొచ్చి, మరునాడు పొద్దున్నే డాక్టరు ముందు కార్డు పెట్టాం. జరిగినదంతా నేనే చెప్పాను. ఆయన సూది వేసి, తేదీ రాసి, సంతకం పెట్టాడు. మూడో గడిలో పెట్టాడు. రెండోది ఖాళీగానే ఉంచాడు. దాంట్లో గీత కొట్టమంటారా అని అడిగాను. ఉన్నది ఉన్నట్టుండనీ అన్నాడు. మధ్యాహ్నానికి మళ్లీ ఊరికి చేర్చాం.

లైనులో మాట దాచలేదు. దాస్తే ఇంకో అబద్ధం మోయాలి. హమాలీ ఈసారి ఏమీ అనలేదు. ఆయన ఏదైనా అని ఉంటే తేలికపడేవాణ్ని. అవ్వ దగ్గరికి పోయి గోడ ఇవతల నిలబడ్డాను. ఆమె చింతపండు ఒలుస్తోంది.

"అవ్వా, దాని నోట్లో ఉన్నది బొక్కనే" అన్నాను.

ఆమె తల ఎత్తలేదు. గింజ తీసి పక్కన పెట్టింది.

"ఎముక అనాలె కొడుకా" అంది.

ఇప్పుడు కూడా లైనులో వాళ్లు కుక్కల గురించి అడగడానికి వస్తారు. నోట్‌బుక్కు తీయను. డాక్టరు పొద్దున తొమ్మిదికి వస్తాడు, నేను బండి తీస్తాను పదండి అంటాను. వాళ్లకు అది పూర్తి జవాబులా అనిపించదు. కాసేపు నిలబడి పోతారు. గ్రంథాలయానికి మాత్రం పోతూనే ఉన్నాను. ఏదైనా రాసుకుంటే ఇప్పుడు కింది పేరా కూడా రాసుకుంటున్నాను.

గురువారాలు ఆ ఊరికి సరుకు ఉంటుంది. దారి మొదట్లోకి రాగానే కుక్క బండి చప్పుడు గుర్తుపట్టి ఎదురు పరిగెత్తుకొస్తుంది. డోరు తీయగానే ఎక్కి తన మూలలో, కిటికీకి ఆనుకుని కూర్చుంటుంది. నేను సంచులు దించినంత సేపూ అక్కడే ఉంటుంది. చెయ్యి చాపితే చెయ్యి ఇస్తుంది. ఆఖరి సంచి దించి, నేను ముందుకు వచ్చి సీట్లో కూర్చుని ఇంజన్ స్టార్ట్ చేస్తాను. అప్పుడు లేస్తుంది. ఎవరూ పిలవకుండానే కిందికి దూకి, మంచం దగ్గరికి పోయి నిలబడి, బండి పోయేదాకా చూస్తుంది.